తాత రాసిన రివ్యూ: మా మనవడి ఆరు నెలల కమ్యూనిటీ సర్వీసు

రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి రివ్యూలు రాయడం. మిక్సీ కొన్నా రాస్తాను, టిఫిన్ సెంటర్లో చట్నీ పలచగా ఉన్నా రాస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా జనం చేత తిట్లు తిన్నాడు, ఇప్పుడు వడ్డీతో తీర్చుకుంటున్నాడని మా ఆవిడ ఎగతాళి. ఈసారి రాసేది మాత్రం కొన్న వస్తువు గురించి కాదు. పోలీసు కేసులో ఇరుక్కున్న మైనరు పిల్లల చేత, జువెనైల్ బోర్డు ఆర్డరు ప్రకారం సేవ చేయించి కౌన్సెలింగ్ ఇప్పించే ఒక స్వచ్ఛంద సంస్థ గురించి. మా కూతురి కొడుకు అక్కడికి ఆరు నెలలు వెళ్ళొచ్చాడు.

సంస్థ పేరు రాయను. ఊరు పేరూ రాయను, కోస్తాలో ఒక జిల్లా కేంద్రం అనుకోండి చాలు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పిల్లవాడి పేరు, అడ్రసు, స్కూలు, గుర్తుపట్టే వివరం ఏదీ బయట పెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పేరు లేని కొట్టుకి రివ్యూ ఏమిటయ్యా అంటారేమో. ఇలాంటి ఆర్డరు కాగితం చేతిలో పట్టుకుని, ఇప్పుడెక్కడికి వెళ్ళాలి, ఎవర్ని అడగాలి అని కోర్టు చెట్టుకింద కూర్చున్న అమ్మానాన్నల కోసం రాస్తున్నాను. ఆ రోజు నేనూ అక్కడే కూర్చున్నాను.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. 2024 డిసెంబరు. ఒక ఫంక్షన్ హాలు బయట ఆపిన స్ప్లెండర్ బండి తీసుకుని ముగ్గురు కుర్రాళ్ళు పెట్రోలు అయిపోయేదాకా తిరిగారు. అయిపోయాక కాలవగట్టు పక్క తుప్పల్లో పడేసి ఇళ్ళకొచ్చి అన్నం తిని పడుకున్నారు. బండి రెండో రోజు దొరికింది, వీళ్ళు మూడో రోజు దొరికారు. మా వాడికి అప్పటికి 16 నిండి నాలుగు నెలలు, ఇంటర్ ఫస్టియర్. ఆ ముగ్గురిలో ఒకడికి 19. వాడు సబ్ జైలుకి వెళ్ళాడు. చిన్న నేరమైతే మైనరు మీద ఎఫ్ఐఆర్ కట్టరట, స్టేషన్ డైరీలో రాసుకుని బోర్డుకి పంపుతారట. పెద్దవాడితో కలిసి చేశాడు కాబట్టి కట్టారు. ఇవన్నీ నాకు తరవాత తెలిసినవి. ఆ రాత్రి మాత్రం స్టేషన్ బయట బెంచీ మీద నేనూ మా అమ్మాయీ, లోపల బెంచీ మీద వాడు. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా బోర్డు ముందు హాజరు పరచాలి. పరిచారు, అబద్ధం ఎందుకు.

ఒక ప్లీడరు గుమాస్తా ముప్పై వేలవుతుందన్నాడు. అల్లుడు కువైట్‌లో డ్రైవరు, పంపే డబ్బు అప్పులకే సరి. కోర్టు కాంపౌండులోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, వెళ్ళి అడగండి. పిల్లలకీ ఆడవాళ్ళకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. మాకు ఇచ్చిన అమ్మాయి మా మనవడి కంటే పదేళ్ళు పెద్దదేమో. ముందు అడిగింది టెన్త్ మెమో. వయసు తేల్చడానికి మొదట చూసేది స్కూలు సర్టిఫికెట్టే. ఇంట్లో ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి, మేం బీరువా అంతా గుమ్మరించాం.

బోర్డు అంటే నేను కోర్టు బోను ఊహించుకుని వెళ్ళాను. బోను లేదు, ఎత్తు వేదిక లేదు. ఒక గదిలో పెద్ద బల్ల, దాని వెనక మేజిస్ట్రేట్ మేడమ్ గారు, చెరో పక్క ఒక సభ్యుడు, ఒక సభ్యురాలు. చేతులు కట్టుకుని నిలబడితే "పెద్దాయనా, కూర్చోండి, కాళ్ళు నొప్పెడతాయి" అన్నారు. బెయిలు వచ్చింది. తరవాత, పిల్లవాడి ఇంటి సంగతులు కనుక్కుని బోర్డుకి చెప్పే ప్రొబేషన్ ఆఫీసరమ్మ ఇంటికొచ్చింది. అద్దె ఎంత, ఎవరైనా తాగుతారా, వాడి స్నేహితులెవరు, ఇలా ఒక పొడుగాటి ఫారం. చివర్లో మా అమ్మాయిని అడిగింది: "ఇంట్లో అబ్బాయి రోజూ ఎవరితో మాట్లాడతాడమ్మా?" మా అమ్మాయి నా వంక చూసింది. నేను మా ఆవిడ వంక చూశాను. ఆ ఆఫీసరమ్మ ఫారంలో ఏం రాసిందో మాకు తెలీదు.

విచారణ నాలుగు నెలల్లో ముగించాలని చట్టం. మార్చి ఆఖరికి ముగిసింది. ఆర్డరు: ఆరు నెలల పాటు ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణ, గ్రూప్ కౌన్సెలింగ్, వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీసు. ఇంటి దగ్గరే ఉండొచ్చు.

ఇక్కడ ఒక మాట. మా వీధి టీ కొట్టులో ఒకాయన "అయితే మీ వాడి చేత కూడా వ్యాసం రాయించి వదిలేశారన్నమాట" అన్నాడు. 2024 మేలో పుణెలో కారు గుద్ది ఇద్దరు ఇంజనీర్లు చనిపోయిన కేసులో 17 ఏళ్ళ కుర్రాడికి 300 మాటల వ్యాసం రాయమని, 15 రోజులు ట్రాఫిక్ పోలీసులతో పని చేయమని చెప్పి బెయిలిచ్చారు, దాని మీద దేశమంతా గోలైంది కదా, అదీ ఆయన ఎత్తిపొడుపు. అది బెయిలు నాటి షరతు, ఇది విచారణ అయ్యాక వేసిన ఆర్డరు, రెండూ ఒకటి కావు. చెప్పబోయాను, ఆయన టీ అయిపోయింది, వెళ్ళిపోయాడు.

ఇక సంస్థ సంగతి. ఒక పెయింట్ల షాపు పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటే టర్పెంటైన్ వాసన. ఒక కోఆర్డినేటరు, ఒక ఆఫీసు అమ్మాయి, ఆదివారాలు వచ్చే కౌన్సెలరు. మేం చేరేనాటికి 23 మంది పిల్లలు. డబ్బు ఏమీ తీసుకోరు. ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు. బస్సు ఛార్జీలు వాళ్ళే ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా, కాకపోతే ఏప్రిల్ డబ్బు జులైలో.

కోఆర్డినేటరు కుర్రాడికి ముప్పై లోపే ఉంటాయి. నన్ను బాబాయ్ గారూ అనేవాడు. మొదటిరోజు మా వాడిని పక్కన కూర్చోబెట్టి రూల్సులో ఉన్న పనులన్నీ చదివాడు: పార్కులు శుభ్రం చేయడం, ముసలివాళ్ళకి సాయం, ఆసుపత్రిలో సాయం, వికలాంగులైన పిల్లలకి సేవ, ట్రాఫిక్ వాలంటీరు. 14 దాటిన పిల్లలకే ఇవి ఇస్తారు. "నీకేది ఇష్టం?" అని అడిగాడు. మా వాడు భుజాలెగరేశాడు. "సరే, నువ్వు దేన్ని ఎక్కువసేపు చూస్తావు?" అన్నాడు. "బళ్ళని" అన్నాడు వీడు. ఆ మాట ఆ గదిలో అనకూడని మాట. నా గుండె జారిపోయింది. ఆ అబ్బాయి మాత్రం నవ్వి, "అయితే చక్రాలున్న చోటికే పంపిస్తా" అని పెద్దాసుపత్రికి వేశాడు.

సోమ, బుధ, శనివారాలు, ఉదయం పూట నాలుగేసి గంటల పని. ఓపీ నుంచి ఎక్స్‌రే గదికి, అక్కడి నుంచి వార్డుకి వీల్‌ఛైర్లలో పేషెంట్లని తీసుకెళ్ళడం. మొదటివారం మా వాడు ఇంటికొచ్చి చెయ్యి చూపించాడు, బొటనవేలి మొదట్లో బొబ్బ. ముందు చక్రం తిరగదట, బండి ఎప్పుడూ ఎడమకి లాగుతుందట, గోడకి తగలకుండా బలం పట్టి తొయ్యాలట. మర్నాడు మామ్మ కుట్టుమిషన్ నూనె డబ్బా కనపడలేదు. మళ్ళీ దొంగతనం మొదలెట్టాడని ఇంట్లో రభస. సాయంత్రం డబ్బా తెచ్చి యథాస్థానంలో పెట్టాడు, సగం ఖాళీ. చక్రం ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలూ, కట్టు గుడ్డ పీలికలూ బ్లేడుతో కోసి తీసి, నూనె పోశాడట. మే నెలాఖరుకి పదకొండు బళ్ళు చేశాడు. హెడ్ నర్సమ్మ స్టోరులోంచి ఒక స్పానర్ సెట్టు తీసి ఇచ్చింది. ఆవిడకి కేసు సంగతి తెలుసో లేదో కానీ ఒక్కసారీ అడగలేదు.

టైమింగు గురించి చెప్పాలి, ఇది నా సబ్జెక్టు. హాజరు తొమ్మిదిన్నరకి అన్నారు. మా ఊరి నుంచి ఆసుపత్రి 14 కిలోమీటర్లు. వేసవిలో 8.15 బస్సు కాలేజీ ట్రిప్పు కాబట్టి రద్దు. తరవాతిది 9.00, అది చేరేసరికి 9.50. ఎంత పరిగెత్తినా పిల్లాడు రోజూ ఇరవై నిమిషాలు లేటే. ఆ లేటు రిపోర్టులో పడి బోర్డుకి వెళ్తే, "క్రమశిక్షణ లేదు" అని చదువుకుంటారు. ఆ రూట్లన్నిటి బస్సు టైములు ఒక తెల్లకాగితం మీద చార్టు వేసి పట్టుకెళ్ళాను. కోఆర్డినేటరు చూసి, 23 మందిలో ఎనిమిది మంది అదే రూటు అని లెక్కతేల్చి, హాజరు పది గంటలకి మార్చించాడు. ఇలాంటి పథకాలు నడిపేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, టైము పెట్టేముందు బస్సు స్టాండులో ఒక్కసారి అడగండి బాబూ.

ఇంకోటి. బస్సులో టిక్కెట్లు ఎన్ని కొట్టామో మిషను చెప్తుంది. జనం ఎంతమంది ఉన్నారో మాత్రం మనమే తలలు లెక్కపెట్టుకోవాలి. రెండూ కలవకపోతే, చెకింగ్ ఎక్కిన రోజు ఉద్యోగం మీదికొస్తుంది. ఈ కోఆర్డినేటరు అబ్బాయి తలలు లెక్కపెట్టే రకం. మే నెలలో ఒక బుధవారం మా వాడు ఆసుపత్రికి రెండు స్టేజీల ముందే దిగి ఎవరో స్నేహితుడితో సెల్‌ఫోన్ షాపులో కూర్చున్నాడు. 10.20కి నాకు ఫోన్: "బాబాయ్ గారూ, బయల్దేరాడా?" బయల్దేరాడన్నాను. గంటలో తన బండి మీద తిరిగి వెతికి పట్టుకున్నాడు. తిట్టలేదట. దారిలో నిమ్మకాయ సోడా తాగించాడట. రిజిస్టర్లో మాత్రం 11.40 అని ఉన్నదున్నట్టు రాశాడు, వీడి చేత పక్కన సంతకం పెట్టించాడు. ఆ రోజు నుంచి వీడు ముందు దిగలేదు.

కౌన్సెలింగ్ గురించి ఎక్కువ రాయడానికి లేదు. మొదటాయన నీతి కథలు చెప్పేవాడు, పిల్లలు కళ్ళు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళు. రెండు నెలలకి ఆయన మానేస్తే ఒకావిడ వచ్చింది. బోరిక్ పౌడరు డబ్బా పట్టుకుని కేరమ్స్ బోర్డు ముందు కూర్చునేది, కాయిన్లు కొడుతూ మాట్లాడించేది. ఇంట్లో నోరు విప్పని మా వాడు, ఆ 19 ఏళ్ళవాణ్ణి జైల్లో చూడ్డానికి వెళ్ళాలనుందని ఆవిడతో అన్నాడట. నాలుగో నెలలో ఆవిడా వెళ్ళిపోయింది.

నేను ఇచ్చిన స్టార్లలో రెండు ఇప్పుడు చెప్పబోయే దానికి. బండి ఓనరు పాలాయన. తెల్లవారుజామున క్యాన్లు కట్టుకుని అపార్టుమెంట్లకి పోస్తాడు. ఆయన ఒప్పుకుంటేనే, మా వాడు ఒప్పుకుంటేనే, ఒక సాయంత్రం ఆ పెయింట్ల షాపు పైన ఇద్దర్నీ కూర్చోబెట్టాడు కోఆర్డినేటరు. నేను క్షమాపణ డైలాగు ఇంట్లో నేర్పించి పంపాను. అది వాడు చెప్పనే లేదు. పాలాయన ముందు మొదలెట్టాడు: "బండి దొరికింది, అద్దం పగిలింది, అది పోనీ. ఆ రెండు రోజులు ముప్పై లీటర్లు సైకిల్ మీద మోశానయ్యా. రెండో రోజు బ్రిడ్జి ఎక్కుతుంటే ఒక క్యాను పడిపోయింది." ఇంతే అన్నాడు, గొంతు కూడా పెంచలేదు. మా వాడు చాలాసేపు నేల చూసి, "ఎన్ని లీటర్లు పోయాయండీ?" అని అడిగాడు. పది. ఆ డబ్బు, అద్దం డబ్బు మా అమ్మాయి ఇవ్వబోతే కోఆర్డినేటరు వద్దన్నాడు, వాడే ఇవ్వాలన్నాడు. జూన్‌లో కాలేజీ తెరిచేలోపు ఒక పంక్చర్ షాపులో పదిహేను రోజులు చేసి, చిల్లరతో సహా కట్టాడు. ఆర్డరులో ఇది లేదు, రిపోర్టులో గళ్ళు కూడా లేవు. ఆ కుర్రాడు తన బుర్రతో చేసిన పని.

కాలేజీ తెరిచాక ప్రిన్సిపాల్ గారు టీసీ తీసుకెళ్ళమన్నారు. పేరు చెడుతుందట. కోఆర్డినేటరు వెళ్ళి, ఈ కేసు వల్ల పిల్లవాడికి ఎలాంటి అనర్హతా ఉండకూడదని చట్టం 24వ సెక్షన్లో ఉందని చూపించి, గంటసేపు మాట్లాడి వచ్చాడు. టీసీ మాట మళ్ళీ రాలేదు.

ఇక స్టార్లు ఎక్కడ కోశానో చెప్తాను. జులైలో ఆ కోఆర్డినేటరు అబ్బాయి మానేశాడు. ఐదు నెలలుగా జీతం రాలేదట. పెళ్ళి కుదిరింది, ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ ఉద్యోగానికి వెళ్ళాడు. తప్పు పట్టలేను. వచ్చిన కొత్తాయనకి ఫోటోల పిచ్చి. ఆదివారం పిల్లలందర్నీ పార్కుకి తీసుకెళ్ళి, చీపుళ్ళు పట్టించి, బ్యానరు కింద నిలబెట్టి తీసి, తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. ముఖాలన్నీ కనపడుతున్నాయి. మా ఆవిడ చెల్లెలు చూసి ఫోన్ చేస్తే మాకు తెలిసింది. 74వ సెక్షన్ ప్రింటు తీసి పట్టుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టాను. అప్పటికప్పుడు తీసేశాడు, "ఫండింగ్ వాళ్ళు ఫోటోలు అడుగుతారండీ" అన్నాడు. అడిగితే చేతులు తియ్యండి, చీపుళ్ళు తియ్యండి, ముఖాలెందుకు?

దానికంటే పెద్దది ఆగస్టులో. మా వాడికి వైరల్ జ్వరం, ఆదివారం మంచం దిగలేదు. ఫోన్ వస్తుందని నేను పదిన్నర దాకా చూశాను. రాలేదు. తరవాతి వారం ఆఫీసుకి వెళ్ళి రిజిస్టరు తిరగేస్తే, ఆ రోజు మా వాడి పేరు ఎదురుగా సంతకం ఉంది. మా వాడి సంతకంలో చివర తోక ఉంటుంది, దీనికి లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క దొంగ టిక్కెట్టు కొట్టలేదు. ఎదురుగా కూర్చున్నాయన టీ తెప్పిస్తానంటున్నాడు. చెప్తే మా వాడి ఆర్డరుకే ముడిపడుతుందేమో, చెప్పకపోతే రేపు నిజంగానే ఎగ్గొట్టే ఇంకో పిల్లాడిని ఎవరూ వెతకరు. రెండు రాత్రులు ఆలోచించి ప్రొబేషన్ ఆఫీసరమ్మకి చెప్పాను. ఆవిడ మా వాడికి ఒక ఆదివారం అదనంగా వేసింది, ఆ గైర్హాజరుని గైర్హాజరుగానే రాయించింది. ఇంట్లో నా మీద అలిగారు. అదనపు ఆదివారం వాడు వెళ్ళొచ్చాడు, అలక అంతకంటే పది రోజులు ఎక్కువ నడిచింది.

సెప్టెంబరు ఆఖరుకి గడువు పూర్తయింది. పూర్తయినట్టు రిపోర్టు కాపీ, బోర్డు ఆర్డరు కాపీ అడిగి తీసుకోండి, అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. అప్పీలు గడువు దాటాక కేసు రికార్డులు ధ్వంసం చేయాలని చట్టంలో ఉంది, దాని సంగతి మన లాయరుకి ఒకసారి గుర్తు చేయండి.

మొత్తానికి మూడున్నర స్టార్లు. మొదటి నాలుగు నెలలకైతే ఐదు, తరవాత రెండు నెలలకి ఒకటిన్నర. సగటు కట్టడం చేతకాక కాదు, చివరి రెండు నెలల వైపు మొగ్గాను. మీ పిల్లవాడికి ఇలాంటి ఆర్డరు వస్తే సంస్థ గోడ మీది సర్టిఫికెట్లు చూడకండి. కోఆర్డినేటరు కింద ఎంతమంది పిల్లలున్నారు, పిల్లాడు రాకపోతే ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారు, ఈ రెండూ అడగండి. తడబడితే ప్రొబేషన్ ఆఫీసరుతో మాట్లాడి, వేరే చోటు ఉందేమో కనుక్కోండి.

మా వాడు ఇప్పుడు ఇంటర్ సెకండియర్. నెలకో రెండు నెలలకో ఆసుపత్రికి వెళ్ళి ఆ బళ్ళు చూసొస్తాడు, ఎందుకంటే మామ్మ నూనె డబ్బా అప్పుడప్పుడూ మాయమవుతోంది. హాజరు టైము ఇంకా పది గంటలే ఉందట. మా రూటు నుంచి వెళ్ళేవాళ్ళు 9.00 బస్సే ఎక్కండి. 9.10ది ఎక్స్‌ప్రెస్, ఆసుపత్రి స్టేజీలో ఆగదు.